కదలని మూలలు

ఇవాళ మలికిపురంలో ఫొటో ఫ్రేముల షాపులో మూలలు బిగించే ఇనప క్లాంపు చూశాను. ఒళ్ళు మండింది. కొబ్బరితాడు చుట్టి, పుల్ల దూర్చి మెలితిప్పి బిగించే రోజులు మీకూ గుర్తున్నాయా? మా నాన్నగారు అలాగే బిగించేవారు. జిగురు ఆరేదాకా ఆ ఫ్రేముని ఎవరూ తాకకూడదు.

ఓ పొద్దున్న ఊడుస్తుంటే, ఆరుతున్న ఫ్రేముకి అమ్మ చీపురు తగిలింది. ఆయన ఆ ఫ్రేమే ఎత్తి, తాడుతో సహా అమ్మ నుదుటి మీద కొట్టారు. నెత్తురు కారుతుంటే ఆయన తడిమి చూసుకున్నది మూలల్ని.

"చూసేవా? ఒక్క మూల కదల్లేదు!"

"ఆయ్, కదల్లేదండీ," అంది అమ్మ, కొంగుతో నుదురు ఒత్తుకుంటూ. "ఇంక నేనే కదుల్తానండీ."

నా చెయ్యి పట్టుకుని సఖినేటిపల్లి రేవుకి నడిచింది. గోదారి దాటేదాకా ఆ పట్టు సడలలేదు.