గరిటమ్మ ఇచ్చిన మాట

మా అత్తగారిని వీధిలో అందరూ గరిటమ్మ అంటారు. ఆవిడది ఇస్త్రీ పని. వంటకీ ఆవిడకీ ఆమడ దూరం. ఆ పేరు వేరే ఘనకార్యం వల్ల వచ్చింది. ఏ ఇంట్లోనైనా మగవాడు పెళ్ళాం మీద చెయ్యెత్తినట్టు వినబడితే చాలు, ఇస్త్రీపెట్టె పక్కన పడేసి, పళ్ళెం, గరిట పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడి మోగించేవారు. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు తలా ఓ పళ్ళెంతో వచ్చి కలిసేవారు. తిట్టు లేదు, మాట లేదు. మగవాడు బయటికొచ్చి తల దించుకునేదాకా మోత ఆగేది కాదు. మా ఇంట్లో సొట్ట లేని పళ్ళెం ఒక్కటీ మిగల్లేదని నేను సణిగితే, "సొట్టలు పళ్ళాలకే కదే అమ్మాయ్, పోనీ" అనేవారు.

మా వీధిలో అది పనిచేసింది. చెయ్యెత్తినవాడు మర్నాడు పనికెళ్ళాలంటే మా గుమ్మాలన్నీ దాటాలి. పని ఇప్పించినాయన ఎదురింట్లో, బావమరిది మూలింట్లో. ఇక మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

సంగతి ఒక సేవాసంస్థ మేడమ్ చెవిన పడింది. వచ్చారు, వీడియో తీసుకున్నారు, ఊరంతా ఇదే చెయ్యాలన్నారు. సంస్థ బొమ్మ అచ్చువేసిన కొత్త పళ్ళాలు గోనెల్లో దిగాయి. మా అత్తగారికి వేదిక మీద కుర్చీ పడింది. అప్పట్నుంచి ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇస్త్రీ అంతా నా నెత్తిన పడి, ఎవరివో రెండు చొక్కాలు మాడ్చాను కూడా.

"వేరే చోట్ల మనుషులు వేరు కదా, పద్ధతిలో ఏమైనా మార్చాలా?" అని మేడమ్ అడిగారు.

"మగాడు ఎక్కడైనా మగాడే మేడమ్. ఏం మార్చక్కర్లేదు" అన్నారు మా అత్తగారు.

మొదట మమ్మల్ని పంపింది ఫ్యాక్టరీ వెనకున్న మూడంతస్తుల మేడకి. అన్నీ అద్దె గదులే. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు, పక్క గదిలో ఉన్నదెవరో ఎవరికీ పట్టదు. ఓనరు కింద ఉంటాడు. మా అత్తగారు డాబా మీద మీటింగు పెట్టి, పళ్ళాలు పంచి, మోగించి చూపించారు. బిస్కెట్ల ప్యాకింగులో పనిచేసే ఒకావిడ చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా కూర్చుంది. ఆమె చెంప కమిలి ఉంది.

మీటింగు ముగిసి మెట్లు దిగుతుంటే ఆమె గదిలోంచే దెబ్బ వినబడింది. మా అత్తగారు అక్కడే నిలబడి మోగించారు. కొందరు మొహమాటానికి కలిశారు. తలుపు తీసుకుని మొగుడొచ్చాడు. తల దించలేదు సరికదా, పిట్టగోడకి ఆనుకుని, "ఇంకాస్త గట్టిగా కొట్టండి, వినబడట్లేదు" అని నవ్వాడు. అక్కడ వాడికి ఎవరి ముందు సిగ్గు? వెనకాల ఆమె చేతుల్లో మొహం దాచుకుంది. ఇంతలో ఓనరు పైకొచ్చాడు. "ఈ గోల నాకొద్దు. రేపటికల్లా గది ఖాళీ చెయ్యండి" అన్నాడు.

ఫ్యాక్టరీని ఆనుకుని ఉంది కాబట్టే, ఆమె మధ్యలో గదికొచ్చి పిల్లకి పాలిచ్చి వెళ్ళగలుగుతోంది. ఆ గది పోతే పనీ పోయినట్టే.

విషయం చెబితే మేడమ్ ఫోన్లో, "ఒకచోట కుదర్లేదు, పర్లేదు. రిపోర్టులో పాఠంగా రాద్దాం" అన్నారు.

"పాఠం మనకి, గది పోయింది ఆమెకి" అని మా అత్తగారు ఫోను పెట్టేశారు. వీధి చివరిదాకా వినబడే ఆ గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు. "మార్చాలా అని అడిగిందే అమ్మాయ్. అక్కర్లేదని వాగిన నోరిది" అంటూ నోటి మీద కొట్టుకున్నారు. ఆ రోజు అన్నం ముట్టలేదు. వీడియోలో ఆవిడ పక్కన పళ్ళికిలించి నిలబడ్డందుకు నాకూ సిగ్గేసింది.

మర్నాడు వెళ్ళేసరికి సామాను మెట్ల దగ్గరుంది. మా అత్తగారు ఓనర్ని బతిమాలారు.

"ఉండనిస్తాను. నా మేడలో ఇంకెప్పుడూ పళ్ళెం మోగదని నువ్వు మాటివ్వాలి" అన్నాడతను.

ఆవిడ మెట్ల దగ్గరున్న సామాను వైపు చూశారు. ప్యాకింగావిడే వచ్చి చేతులు పట్టుకుంది. "ఇచ్చెయ్యండి పెద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"మోగదు బాబూ" అన్నారు మా అత్తగారు. ఏ మగాడి ముందూ ఆవిడ అంత చిన్నగా మాట్లాడ్డం నేను చూడలేదు. తలెత్తలేక మూటలు ఎత్తుకున్నాను.

సామాను మేమే పైకి మోశాం. మొగుడు మంచం మీద కూర్చుని చూశాడే తప్ప ఒక్క గిన్నె అందుకోలేదు. మేం బయటికి రాగానే తలుపేసుకున్నాడు. రెండు మెట్లు దిగామో లేదో, లోపల చప్పుడు. వెంటనే పిల్ల ఏడుపు.

మా అత్తగారు గిరుక్కున వెనక్కి తిరిగారు. అటూ ఇటూ గదుల తలుపులు కొంచెం కొంచెంగా తెరుచుకున్నాయి. నిన్న మొహమాటపడ్డవాళ్ళే ఈసారి పళ్ళాలు చేతపట్టుకుని ఆవిడ వైపు చూస్తున్నారు. కింద ఓనరూ చూస్తున్నాడు.

"ఏం లేదు పెద్దమ్మా, గిన్నె జారింది. మీరెళ్ళండి" అంది లోపల్నుంచి ఆమె.

మా అత్తగారు మూసిన తలుపు వైపు చూస్తూ, "సరేనమ్మా" అన్నారు.