ఓడను ఫ్రేములో నిలబెట్టమన్న మనిషి

ఉస్తాద్ పోయారు. మంగళవారం పొద్దున్న పది దాటాక వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అబ్బా లేరు" అని రెండే ముక్కలు చెప్పింది. అప్పుడు నేను పెందుర్తిలో మా ఇంటి మేడ మీద ఒక చిన్న ఫ్లూయిడ్ హెడ్‌కి కెమెరా బిగిస్తున్నాను. తెలియనివాళ్ళకి చెప్పాలి కదా, ట్రైపాడ్ కాళ్ళ మీద కూర్చుని కెమెరాను పక్కలకీ, పైకీ కిందకీ కుదుపు లేకుండా తిప్పే భాగమే ఈ హెడ్. లోపల చిక్కటి గ్రీజు ఉంటుంది. మన చేతి వణుకును ఆ గ్రీజు మింగేస్తుందని నాకు చెప్పింది, కెమెరా సామాను బాగుచేసే ఆ ఉస్తాదే. కెమెరా విప్పి మా అమ్మ చేతిలో పెట్టి, వన్ టౌన్‌లో వాళ్ళింటికి ఆటో ఎక్కాను.

మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్ళిపోయారు. నేను లోపల ఆడవాళ్ళతో కూర్చున్నాను. సాయంత్రానికి మా షూటర్ల వాట్సాప్ గ్రూపు నిండా దండాలూ పువ్వులూ. మధ్యలో ఒక మహానుభావుడు, "పాత మెకానిక్, పాపం మంచోడు. ఈ కాలానికి పనికొచ్చే మనిషి కాదులే" అని పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మెకానిక్ అట! ఈ ఊళ్ళో పెళ్ళి వీడియోల్లో కెమెరా తాళిబొట్టు మీంచి పెళ్ళికూతురి ముఖం మీదకి వణక్కుండా వెళ్తోందంటే సగం ఆయన చలవ. అందుకే ఇది రాస్తున్నాను. ఏడుస్తూ రాయడం లేదు, కోపంతోనే రాస్తున్నాను. మర్యాదగా లేదనిపిస్తే చదవడం మానెయ్యండి.

మాది విజయనగరం వైపు పల్లె. నాన్న సేద్యం వదిలి సిటీ ఉద్యోగానికి వచ్చాడు, నేను కెమెరా పట్టాను. పెళ్ళిళ్ళు తీస్తాను, ఖాళీ దొరికితే కెమెరా సామాను ఎలా పనిచేస్తుందో తెలుగులో వీడియోలు చేసి పెడతాను. మొదట్లో సింహాచలం కొండ కింద ఒక కల్యాణమండపానికి పెద్ద ట్రైపాడ్ భుజాన వేసుకుని వెళ్ళాను. అక్కడ మా సీనియర్ ఒకాయన, నేను బాబాయ్ అని పిలిచే మనిషి, అందరూ వినేటట్టు అన్నాడు.

"ఓలమ్మో, అంత బరువు నీకెందుకమ్మా? ఆడపిల్లవి. సిన్న హెడ్డొకటి కొనుక్కో. సంచీలో పడీసుకుని ఎలిపోవచ్చు."

అందరూ నవ్వారు. నెల తిరక్కుండా చిన్న హెడ్ కొన్నాను. ఆయన అన్నందుకు కాదని చాలాకాలం బుకాయించాను గానీ, అన్నందుకే కొన్నాను. కొత్తలో బాగానే తిరిగింది. ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళి గొప్పగా చూపించాను.

ఆయన కొట్టు వన్ టౌన్‌లో, ఆటో దూరితే మనుషులు గోడకి అంటుకుపోవాల్సిన సందులో ఉంది. ఒక బల్ల, ఒక స్టూలు, స్క్రూలు పెట్టుకునే మిఠాయి డబ్బాలు, అంతే. పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ముకి భయపడి ప్రతి వస్తువు మీదా పాత చీర ముక్క కప్పేవారు. ఎవరి కెమెరా అయినా సరే, చేతులు కడుక్కోకుండా ముట్టుకునేవారు కాదు. నా హెడ్ చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని రెండుసార్లు తిప్పారు.

"ఎంత బరువు మోస్తదని అడిగి కొన్నావు కదూ?"

"అవును ఉస్తాద్."

"ఎలాగ ఆగుతదని అడిగినావా?"

"లేదు."

"మరేటి కొన్నావు బేటీ? లంగరు సూడకుండా ఓడ కొన్నట్టుంది."

మర్నాడు పొద్దున్నే కొండెక్కించారు. వన్ టౌన్ పక్కన రాస్ కొండ మీదకి వెళ్తే కింద పోర్టులోకి వచ్చే కాలువ కనిపిస్తుంది. ఓడ అందులోంచి టగ్గుల వెనకాల పెళ్ళికూతురిలా మెల్లగా నడుస్తుంది. ఆయన పరీక్ష అదే. ఓడ కొసని ఫ్రేము మధ్యలో పెట్టాలి. ఓడ కదులుతూ ఉండాలి, ఫ్రేములో మాత్రం ఉన్నచోటనే ఉండాలి. అంత నెమ్మదిగా, అంత సేపు, ఆపకుండా తిప్పితే ఏ హెడ్ గుట్టయినా బయటపడుతుందని ఆయన లెక్క. హెడ్‌ని తిప్పే పిడిని గట్టిగా పట్టుకోనిచ్చేవారు కాదు. "పిడికిలెట్టకు. పిడికిలెట్టినావంటే నీకు బయ్యమని దానికి తెలిసిపోద్ది" అనేవారు. మొదటి రోజు నా ఫ్రేములోంచి ఓడ నాలుగుసార్లు పారిపోయింది.

తర్వాత నెలల్లో నేను చేసిన వెధవపని చెప్తాను. పోర్టు దుమ్ము పడి హెడ్ కీచుమనడం మొదలుపెట్టింది. మా ఇంట్లో తలుపు కీచుమన్నా, ఫ్యాను మూలిగినా, సైకిలు బిగుసుకున్నా ఒకటే వైద్యం: అమ్మ కుట్టు మిషన్ నూనె. రెండు చుక్కలు వేశాను. వారం రోజులు వెన్నలా తిరిగింది. ఆ తర్వాత ఒకచోట జారిపోవడం, ఒకచోట పట్టేయడం. ఒక పెళ్ళిలో అప్పగింతల దగ్గర కెమెరా టక్కున ఎగిరి పెళ్ళికూతుర్ని వదిలి పందిరి గుంజని చూపించింది. ఆ మంట మీద వీడియో చేసి పెట్టాను. ఇది చెత్త హెడ్, ఎవరూ కొనకండి అని చెడామడా తిట్టాను. నా వీడియోలన్నిటిలోకీ జనం ఎక్కువ చూసింది అదే. తిట్లంటే మనవాళ్ళకి సరదా కదా.

ఆ ఉత్సాహంలోనే హెడ్ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. ఉస్తాద్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"దీనికేటి సేసినావ్?"

"ఏటీ సెయ్యలేదు."

"అబద్దమాడకు. వాసనొత్తంది."

"మిషన్ నూనె... రెండు సుక్కలు. కీచుమంటంటే ఏసినాను."

ఆయన హెడ్‌ని బల్ల మీద పెట్టేశారు. "ఆ నూనె లోపలికెల్లి గ్రీజుని కరిగించేసింది. ఆడలేక మద్దెల ఓడంటారు మీవోళ్ళు. నువ్వు మద్దెలని పొడిసి మరీ ఓడంటన్నావు. ఎల్లు. తప్పు నాదని ఆ ఈడియోలోనే సెప్పు. సెప్పినాకే నాను స్క్రూ విప్పుతాను."

తల కొట్టేసినట్టయింది. ఊరుకోలేదు, నేనూ ఎదురు తిరిగాను. "మగోడు తప్పు సేస్తే తప్పంటారు. నాను సేస్తే ఆడదానికి కెమెరా ఎందుకంటారు. రేప్పొద్దున్న నన్నెవరు పిలుత్తారు? మీకేటి తెలుసు ఉస్తాద్?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. టీ మీద మీగడ కట్టేదాకా ఆలోచించారు.

"నిజమే. అంటారు" అన్నారు. "అననీ. అన్నాక కూడా మర్నాడు ట్రైపాడ్ బుజానేసుకుని ఈదిలోకి రా. అప్పుడేటంటారో సూద్దాం."

పది రోజులు ఆ సందు మొహం చూడలేదు. ముసలాయనకేం, కొట్టులో కూర్చుని నీతులు చెప్తాడు, పోయేది నా అన్నం అనుకున్నాను. పదకొండో రోజున నా వీడియో కింద అనకాపల్లి నుంచి ఎవరో ఒకాయన రాశాడు: "నాది బాగానే ఉండేదండీ. మీరు చెప్పారు కదా అని వచ్చిన ధరకి అమ్మేశాను." అందులో ఒక్క తిట్టు కూడా లేదు. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

మేడ మీద కెమెరా ముందు నిలబడ్డాను. ఎనిమిదిసార్లు తీసి చెరిపేసి, తొమ్మిదోసారి చెప్పేశాను. హెడ్‌ని పాడుచేసింది నేనే, పాడుచేసి దాన్ని తిట్టాను, నా మాట నమ్మి నష్టపోయినవాళ్ళు నన్ను తిట్టండి అని. తిట్టారు, మొహమాటపడలేదు. గ్రూపులో మా బాబాయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు: "సెప్పినానా లేదా? వంటింట్లో పోపుకి నూనేసినట్టు కెమెరాకీ ఏసీసింది." దాని కింద నవ్వే బొమ్మలు లెక్కపెట్టడం మధ్యలో ఆపేశాను. మర్నాడు కావాలనే పెద్ద ట్రైపాడ్ భుజానేసుకుని, ఆటో మెయిన్ రోడ్డు మీదే దిగి, సందంతా నడిచి వెళ్ళాను. ఉస్తాద్ శభాష్ అనలేదు. "టీ తాగుతావా?" అన్నారు. చేతులు కడుక్కుని, బిస్మిల్లా అని మొదటి స్క్రూ విప్పారు.

పాత గ్రీజంతా తుడిచి కొత్తది పెట్టారు. తర్వాత నాదీ, అలాంటిదే ఒక స్నేహితుడి కొత్త హెడ్డూ పట్టుకుని మూడు రోజులు కొండ మీద కూర్చున్నాం. మైకు, లెన్సు అన్నీ బిగించిన నా కెమెరానే పెట్టమన్నారు. కంపెనీ పుస్తకంలో రాసిన బరువు కాదు, నువ్వు పెళ్ళికి మోసుకెళ్ళే బరువు పెట్టు అనేవారు. కెమెరాను ముందుకి వంచి చెయ్యి వదిలెయ్యమన్నారు. చిన్న లెన్సుతో వంచినచోటే నిలబడింది, పొడుగు లెన్సు పెట్టగానే నిద్రొచ్చినవాడిలా తల వాల్చేసింది. వంచినచోట పట్టి ఉంచే బిగువు పెంచుకోవడానికి దానికి మర లేదు. ఇక ఓడ. తిప్పడం మొదలుపెట్టినప్పుడు కుదుపు లేదు. ఆపి వేలు తీస్తే మాత్రం వెంట్రుకవాసి వెనక్కి వస్తోంది. అది రెండింటిలోనూ ఉంది. "సూసినావా, ఇది దాని తప్పు. నీ తప్పు నీదీ, దాని తప్పు దానిదీ. రెండూ కలిపీకు" అన్నారు.

ఆ వెనక్కి రావడం ఒక్కటే పట్టుకుని కొత్త వీడియోలో నేను మళ్ళీ వాయించబోతే ఆపారు. "మంచి కూడా సెప్పు. సెప్పకపోతే అది పరీచ్చ కాదు, పగ." చెప్పాను. చిన్న కెమెరాకి, మండపంలో పనికి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోసే భుజానికి ఇది మంచి వస్తువే. బీచ్ గాలిలో, పొడుగు లెన్సుతో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఆడవాళ్ళకి చిన్నది, మగవాళ్ళకి పెద్దది అనేవాడి మాట అసలే నమ్మవద్దు. ఆ చివరి ముక్క నాది. ఆయన దాన్ని తీసెయ్యమనలేదు.

ఈ ఏడాది ఊపిరి అందక ఆయన కొండెక్కలేకపోయారు. నేను తీసి ఫోన్లో తెచ్చేదాన్ని. కొట్టు గడప మీద కూర్చుని, స్క్రీను మీద ఓడ కొస దగ్గర అగ్గిపుల్ల ఆనించి చూసేవారు. పుల్ల దాటి కొస కదిలిందా, "అదిగో, జారిపోయినావు" అని ఆయాసంలోనే తిట్టేవారు. కదలకపోతే పుల్ల చెవిలో పెట్టుకుని "పర్లేదు" అనేవారు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు. నాకు ఆ మాట రెండుసార్లు దక్కింది. పనికిరాని మనిషి అన్నవాడికి ఒక్కసారైనా దక్కిందేమో కనుక్కోండి.

పోయిన నాలుగో రోజున ఉస్తాద్ ఇంటావిడ నన్ను పిలిచారు. "బల్ల మీద జనాల సామాను అలానే పడుంది బేటీ. ఏది ఎవుల్దో మాకేటి తెలుస్తది? నువ్వొచ్చి సర్దు" అన్నారు. కొట్టు తీసి చీర ముక్కలు దులుపుతుంటే గడప దగ్గర మా బాబాయ్ నిలబడి ఉన్నాడు. చంకలో ప్లాస్టిక్ కవరు.

"ఉస్తాద్ లేరు కదమ్మా మరి..." అని నసిగి, కవర్లోంచి హెడ్ తీశాడు. పెద్దది, ఖరీదైనది, ఊళ్ళో నలుగురి దగ్గర కూడా లేనిది. "ఒకసోట జారిపోతంది, ఒకసోట పట్టీత్తంది. నువ్వేటైనా సూత్తావా?"

ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏటేసినారు బాబాయ్?"

"ఏటీ ఎయ్యలేదే."

హెడ్‌ని ఆయన ముక్కు దగ్గరకే పట్టాను. ఆయన సందులోకి చూశాడు, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మిషన్ నూనె" అన్నాడు చివరికి. "రెండు సుక్కలే."

"ఎప్పుడు?"

"నువ్వు తప్పొప్పుకున్న ఈడియో పెట్టకముందే. ఉస్తాద్ కాడికి తేడానికి మొకం సెల్లనేదు."

"అంటే గ్రూపులో నన్ను ఎక్కిరించినప్పుడు మీ హెడ్‌లో కూడా అదే నూనుందా?"

తల వంచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు విసిరికొట్టాలనిపించింది. పెద్దమనిషి, కొట్టు దాకా వచ్చాడు, పోనీలే అని విప్పేయొచ్చు. విప్పలేదు. బ్యాగులోంచి కెమెరా తీసి ట్రైపాడ్ మీద పెట్టి, ఆయన ముందుకి స్టూలు జరిపాను.

"కూకోండి. ఇప్పుడు నాతో సెప్పినారే, అదే సెప్పండి. గ్రూపులో పెడతాను. తరవాత విప్పుతాను."

"ఇంత వయసొచ్చీసినాక పరువు పోద్దమ్మా."

"పోద్ది బాబాయ్. నాదీ పోయింది. సచ్చిపోనేదు కదా."

వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా కెమెరా వెనకాల నిలబడినవాడికి ముందు కూర్చుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎర్ర లైటు వెలిగింది. సందులోంచి వెళ్తున్న తోపుడు బండివాడు ఏదో షూటింగ్ అనుకుని బండి ఆపి తొంగి చూశాడు.

"నాను..." అని మొదలెట్టి ఆగిపోయాడు బాబాయ్. కెమెరా ఆపేస్తానేమోనని నా వైపు చూశాడు. నేను ఆపలేదు.