గోడ మీద బొగ్గు గీత

పద్దెనిమిదేళ్లు నేను వంగి వంట చేశాను. మాటవరసకు అనడం లేదు. మా వంటింటి గట్టు నా తొడల దాకానే వచ్చేది. దాని మీద పొయ్యి, పొయ్యి మీద కుక్కర్, వాటి మీదికి వంగి నేను. మా అత్త నా భుజం కిందికి వస్తుంది. నేను ఆ ఇంటికి రాకముందు ఎప్పుడో ఆమెను నిలబెట్టి కొలిచి కట్టిన గట్టు అది. అందులో ఆమె తప్పేమీ లేదని అందరూ అంటారు. నేనూ అంటాను. కానీ నడుము నాది.

నన్ను చూడటానికి వచ్చిన రోజు మా అత్త చెల్లెలు అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. “పిల్ల పొడుగుంటే మంచిదేలే అక్కా, అటక మీది సామాను నిచ్చెన లేకుండనే దించుతది.” అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. అదీ మర్చిపోలేదు. పెళ్లయ్యాక అటక మీది సామాను దించే పని నిజంగానే నాదయింది. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు నడుము పట్టేసిందని చెబితే మా అత్త, “వంగితే నడుము విరుగుతదా? మేం నాట్లేసినోళ్లం,” అంది. ఆ రోజు వండింది చిక్కుడుకాయ కూర, అదీ గుర్తే.

నేను పినపాక దగ్గర ఒక ఉపకేంద్రంలో నర్సుని. రోజంతా అడవి పల్లెలు తిరిగి, నడుము నొప్పి అని వచ్చే ఆడవాళ్లకు “వంగి పని చేయకండి” అని చెప్పి, మాత్రలిచ్చి, ఇంటికొచ్చి వంగేదాన్ని.

పోయిన ఎండాకాలం చివర్లో గట్టు మీది కడప బండ నడిమధ్య పగిలింది. మా ఆయన సిమెంటుతో అతికిస్తానన్నాడు. ఆయన బొగ్గు గనిలో కాంట్రాక్టు మీద టిప్పర్ నడుపుతాడు. లోకంలో దేనికైనా అతుకు వేయొచ్చని ఆయన నమ్మకం. నేను పొయ్యిని కిందికి దించి, పీట వేసుకుని కూర్చుని వండటం మొదలుపెట్టాను. పన్నెండు రోజులు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. పదమూడో రోజు పొద్దున ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇగ లేవే తల్లీ. కొత్తది కట్టిద్దాం.”

కట్టిద్దాం అన్నాడు గానీ, నా చీటీ డబ్బులు దాటి ఒక్క రూపాయి పెట్టేది లేదన్నాడు. కాబట్టి గోడలకు టైల్స్ లేవు, పాత అరలే ఉంటాయి, నేల మీది షాబాదు బండల జోలికి పోవద్దు. గట్టు, సింకు, అంతే. ఖమ్మంలో గ్రానైటు కోసే చోట మిగిలిన ముక్కలు చవగ్గా దొరుకుతాయని, తెలిసినవాళ్ల ద్వారా రెండు నల్ల ముక్కలు ట్రాలీ ఆటోలో తెప్పించాడు. ఒకటి వెడల్పు, ఒకటి కొంచెం తక్కువ. రెండూ కలిపే చోట అతుకు కనిపిస్తుందని మేస్త్రి ముందే చెప్పాడు. కనిపించనీ అన్నాను. నాకు కావలసింది ఎత్తు.

మా వైపు మేస్త్రీలు టేపు తీసేముందు మనిషిని కొలుస్తారు. ఇంటి ఆడమనిషిని ఉత్తకాళ్లతో గోడ పక్కన నిలబెట్టి, మోచేయి వంచమని, దానికి నాలుగు వేళ్లు కిందుగా గోడ మీద బొగ్గుతో గీత గీస్తారు. గట్టు పైభాగం అక్కడికి రావాలి. మేస్త్రి వచ్చే రోజు నేను సెలవు పెట్టాను. నేను లేకపోతే మళ్లీ మా అత్తనే నిలబెడతారని నాకు తెలుసు.

మేస్త్రి గీత గీసి, వెనక్కి జరిగి చూసి, “నర్సమ్మా, గిది గట్టా, అటకనా?” అన్నాడు.

“నీ పని గీత దాకా కట్టుడు. గట్టో అటకో నాకు తెలుసు.”

మా అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. “ఇగ నేను చాయ్ పెట్టుకోవాల్నంటే మునివేళ్ల మీద నిలబడాలె.”

“పద్దెనిమిదేండ్లు నేను వంగిన గదత్తా. నువ్వు జరంత లేసి నిలబడు.”

ఆ బొగ్గు ముక్కతోనే గీత కింద ‘ముట్టొద్దు’ అని పెద్ద అక్షరాలతో రాశాను. మా ఆయన్ని, అత్తను, మేస్త్రిని ముగ్గురినీ పిలిచి నిలబెట్టి చెప్పాను: ఏం జరిగినా సరే, ఈ గీత వేలెడు కూడా జరగకూడదు.

“బైబిల్ మీద ఒట్టు పెట్టమంటవా ఏంది?” అన్నాడు మా ఆయన.

పెట్టమనే అనబోయాను. మా అత్త చూసిన చూపుకు ఊరుకున్నాను.

పాత గట్టు పగలగొట్టిన మర్నాడే గోదావరి పెరిగింది. మా నర్సులకు ముంపు ఊళ్లవాళ్ల శిబిరంలో డ్యూటీ వేశారు. బడి గదుల్లో చాపలు, జ్వరాలు, బాలింతలు, బ్లీచింగ్ పొడి వాసన. రోడ్డు మీదికి వాగు రావడంతో ఆరు రోజులు ఇంటికి దారి లేదు. పిల్లలు ఏం తిన్నారని అడిగానో లేదో గానీ, పొద్దున, సాయంత్రం ఫోన్ చేసి గీత గురించి మాత్రం అడిగాను.

“గీత ఉన్నదా?”

“ఉన్నదే. దానికేమన్న కాళ్లున్నయా పోనీకి?”

మూడో రోజు మా ఆయన కొత్త సంగతి చెప్పాడు. పెరట్లో నీళ్లు వంటింట్లోకి వచ్చాయట. నేల కొంచెం లేపితే ఆ బాధ పోతుందని మేస్త్రి అంటున్నాడట. ఎవరింట్లోనో మిగిలిన టైల్స్ అతని దగ్గర ఉన్నాయట, ఊరికే వేస్తాడట.

“ఏమన్న వేసుకోండి. గీత జరగొద్దు. మేస్త్రికి ఫోనియ్యి.”

మేస్త్రి తీసుకున్నాడు. “నర్సమ్మా, మరి నేల లేస్తాంది గదా, గట్టు సంగతి...”

“గీత ఎక్కడున్నదో గట్టు అక్కడికే. ఇంకో మాట వద్దు.”

“సరేనమ్మా, మీ ఇష్టం.”

అతని మాట నేను మధ్యలో తుంచాను. ఒప్పుకుంటాను. కానీ ఇవతల ఒక బాలింతకు చలిజ్వరం, నా చేతిలో సూది ఉంది. నిజంగా చెప్పాలనుకున్న మనిషి మళ్లీ ఫోన్ చేయొచ్చు. చేయలేదు.

ఏడో రోజు ఇంటికి వచ్చాను. బ్యాగు కింద పెట్టకుండానే వంటింట్లోకి అడుగేసి లేవబోతే నుదురు గుమ్మం పైచెక్కకు కొట్టుకుంది. పద్దెనిమిదేళ్లలో ఆ గుమ్మం ఒక్కసారి కూడా నా తలకు తగల్లేదు. నుదురు పట్టుకుని లోపలికి ఎక్కాను. అవును, ఎక్కాల్సి వచ్చింది. నేల ఐదంగుళాలు పైకి వచ్చింది.

నల్ల గ్రానైటు తళతళలాడుతోంది. పక్కన నిలబడి మోచేయి వంచాను. గట్టు ఎక్కడో కింద ఉంది. నాకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. గట్టు కిందికి వంగి చూశాను. ‘ముట్టొద్దు’ అలాగే ఉంది. ఎవరూ ముట్టలేదు. గీత జరగలేదు. నేనే పైకి లేచాను.

“ఇంత లేపుడేంది?”

మా ఆయన మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. “పాత గట్టు పెళ్లలన్నీ పారబోయాలంటే ట్రాక్టర్ కిరాయి దండుగ. అన్నీ కిందనే పరిచి దిమ్మిస కొట్టించిన. నీళ్ల బాధ పోయె, కిరాయి మిగిలె.”

పాత గట్టును వదిలించుకున్నానని శిబిరంలో ఉన్నన్ని రోజులూ అనుకున్నాను. అది నా కాళ్ల కిందే ఉంది.

మర్నాడు తాపీ సామాను తీసుకుపోవడానికి వచ్చిన మేస్త్రిని పట్టుకున్నాను.

“మీరే గదమ్మా గీత ముట్టొద్దన్నది. నేను చెప్పబోతే ఇంకో మాట వద్దంటిరి.”

“చెప్పబోవుడు వేరు, చెప్పుడు వేరు.”

“అవ్, తప్పే.” అతను చెవి గోక్కున్నాడు. “ఫోన్ల గట్ల గద్దిస్తే నాకు దవాఖానాల సూది యాదికొచ్చింది.”

“ఇప్పుడు గ్రానైటు లేపరాదా?”

“లేపితే పగులుతదమ్మా. కొత్త ముక్కలు తెప్పియ్యిండ్రి, మళ్లీ కడత.”

చీటీ డబ్బులు అయిపోయాయి. అది అతనికీ తెలుసు.

మా అత్త వచ్చి రెండు చేతులూ గట్టు మీద ఆనించి నిలబడి చూసుకుంది. కొత్త నేల మీది నుంచి కొలిస్తే పాతదాని కంటే మూడు వేళ్లే ఎక్కువ. “నాకు మంచిగనే ఉన్నది,” అంది. ఎగతాళికి అనలేదు. ఎగతాళికి అన్నా బాగుండేది, గుర్తుపెట్టుకోవడానికి ఒక మాట మిగిలేది.

ఆ ఆదివారం మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. సంఘం ఆడవాళ్లంతా వంటింట్లోకి తొంగిచూసి, గ్రానైటు మీద చెయ్యి రాసి, “నీ కష్టం గట్టెక్కిందక్కా,” అన్నారు. నేను చాయ్ గ్లాసుల పళ్లెంతో గుమ్మం దగ్గర వంగి బయటికి వచ్చాను, వంగి లోపలికి పోయాను. పాస్టరు గారు కొత్త వంటిల్లు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రాలు చెల్లిస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. గట్టునే చూస్తూ ఉన్నాను.

సోమవారం పెరట్లో మిగిలిన ఇటుకలు నాలుగు కడిగి తెచ్చి పొయ్యి కింద పెట్టాను. పొయ్యి నాకు సరిపోయింది. మా అత్తకు అందకుండా పోయింది. రెండు రోజులు ఆమె చాయ్ అడగలేదు. నేనూ పెట్టివ్వలేదు. మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి, నేను పన్నెండు రోజులు కూర్చుని వండిన పీట ఎక్కి ఆమె పొయ్యి ముందు నిలబడి ఉంది. చాయ్ మరుగుతోంది.

“పడితే ఎవరు చూస్తరు?” అన్నాను.

“ఇంట్ల నర్సు ఉన్నది గద.”

రెండు గ్లాసుల్లో పోసింది. నా దాంట్లో చక్కెర తక్కువైంది. చివరిదాకా తాగాను.

పొయ్యి కింద ఇటుకలు పెట్టొచ్చు. సింకు కింద పెట్టలేం. అది గ్రానైటులోకి దిగి ఉంది, పొయ్యి కంటే ఇంకో జానెడు లోతు. పద్దెనిమిదేళ్లు ఏ కోణంలో వంగానో, గిన్నెలు తోమే కాడికి వచ్చేసరికి మళ్లీ అదే కోణం. గ్లాసులు రెండూ తీసుకుని అక్కడికి పోయాను.

“వచ్చే చీటీకి మళ్ల కట్టిస్త,” అన్నాను.

మా అత్త పీట మీది నుంచి మెల్లగా ఒక కాలు దించింది. “అప్పుడు గీత ఎవరు గీస్తరు?”

“నేనే,” అన్నాను, సింకులోకి వంగి గ్లాసు తోముతూ.