నా గోడ మీది నూలుతాడు

తాడుతో ఇల్లు ఎలా అలంకరించుకోవాలో చెప్పే వీడియోల్లో ఎవరింట్లోనూ నాయన ఉండడు. అది నేను ముందే గమనించాల్సింది. తెల్లటి గోడ, కత్తెర, జిగురు సీసా, గోళ్ళరంగు వేసుకున్న రెండు చేతులు, అంతే. పక్కన మంచం మీద కూర్చుని "అద్దానికి తాడెందుకమ్మా, అదేమన్నా పారిపోతాదా?" అని అడిగేవాళ్ళు ఆ వీడియోల్లో ఒక్కరూ కనిపించరు.

మార్కాపురంలో మేము చిన్న ఇల్లు కట్టుకున్నాం. రంగులు వేయించేసరికి చేతిలో డబ్బు, ఒంట్లో ఓపిక రెండూ అయిపోయాయి. ముందు గది గోడలు బోడిగా మిగిలాయి. తాడైతే చవక. నేను పాఠాలు చెప్పే బడి నుంచి ఇంటికొచ్చే దారిలోనే తాళ్ళ దుకాణం ఉంది. కొబ్బరితాడు, గోనెతాడు, నూలుతాడు, ఏది కావాలంటే అది మూరల లెక్కన కోసిస్తారు. మంచి జిగురు ఒకటుంటే చాలు, మిగతాదంతా చేతిపనే అనుకున్నాను.

గోడలు ఒక వంక. అసలు బాధ మా నాయన గురించి. రాచర్ల దగ్గర ఊళ్ళో ఒంటరిగా సేద్యం చేస్తూ ఒకసారి నాగటిచాల్లో పడి తుంటికి దెబ్బ తగిలించుకున్నాడు. పొలం కౌలుకిచ్చి, ఎద్దుల జత అమ్మించి, నేనే తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. ఏడాదయింది. మనిషి మా ఇంట్లో ఉన్నాడన్న మాటే గానీ మనసు ఇక్కడ లేదు. ఉన్నట్టుండి సంచి భుజాన వేసుకుని "ఊరికి పోయొస్తా" అంటాడు. అక్కడేముంది? తాళం వేసిన ఇల్లు, ఖాళీ ఎద్దుల కొట్టం. ఆ కొట్టం ముందు కూర్చుని కూర్చుని వస్తాడు. ఒకసారి గిద్దలూరులో బస్సు దిగుతూ కళ్ళు తిరిగి పడితే ఎవరో ఆటో అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. ఆ రోజు నుంచి ఆయన సంచి తీస్తే నాకు భయం. ఈ ఇంట్లో ఆయన నిలవాలి, అదే నా పంతం. పుట్టినప్పటి నుంచి తాడు పట్టుకున్న మనిషి కదా, ఇంట్లో నాలుగు తాళ్ళు కనిపిస్తే సొంత చోటులా ఉంటుందనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

మొదట అద్దం. దాని సంగతి చెప్పాను. తర్వాత ఖాళీ సీసాలకు గోనెతాడు చుట్టి పూలు పెట్టాను. "దానికి చలేస్తాందా?" అన్నాడు. ఆ తర్వాత మూడు పాయల ఉట్టి అల్లి మనీప్లాంటు కుండీ పెట్టి కిటికీలో వేలాడదీశాను. తెల్లారేసరికి ముడి జారి, కుండీ పగిలి, మట్టంతా నాపరాళ్ళ మీద పరుచుకుంది. మా ఆయన చీపురు అందిస్తూ, "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందంట" అన్నాడు. చీపురు తిరగేసి ఆయనకే ఇద్దామనిపించింది. నాయన మాత్రం నవ్వలేదు. "తాడుకు పని చెప్పాలమ్మా, ఊరికే వేలాడదీస్తే దానికి మాత్రం బుద్ధి పుడుతాదా?" అన్నాడు. ఆ మాటకు నాకు ఇంకా మండింది.

పంతానికి పోయి పెద్ద పని పెట్టుకున్నాను. ఎండిన వేపకొమ్మ ఒకటి గోడకు కట్టి, దానికి మెత్తటి నూలుతాళ్ళు వేలాడదీసి, ముడి మీద ముడి వేసుకుంటూ మోకాలి ఎత్తు వరకు అల్లాను. బడి నుంచి రాగానే అదే పని. వేళ్ళు కాయలు కాచాయి. పూర్తయ్యేసరికి మా ముందు గది నిజంగానే వేరే గదిలా కనిపించింది. ఎదురింటి గాజుల దుకాణం ఆపా చూసి, "మాషా అల్లా, శుక్రవారం మా చుట్టాలొస్తున్నారు చెల్లీ, తోలుకొచ్చి చూపిస్తా" అంది. నాయన కూడా అటూ ఇటూ తిరిగి, చివర్లు వేళ్ళతో నలిపి చూశాడు. "మంచి తాడు" అన్నాడు. నా పనిని మెచ్చుకున్నాడనుకుని పొంగిపోయాను.

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి గోడ మీద వేపకొమ్మ ఒక్కటే ఉంది. తాడు లేదు. నాయన లేడు. మా ఆయన మాత్రం తీరిగ్గా టీ తాగుతున్నాడు.

జరిగింది ఇది. మా ఎద్దులను కొన్న త్రిపురాంతకం వైపు రైతు పొద్దున నాయనకు ఫోన్ చేశాడు. నైలాన్ తాడు కోసుకుని ఎర్ర ఎద్దు మెడ పుండు పడిందట, మనిషిని దగ్గరికి రానివ్వడం లేదట. "పెద్దాయనా, నీ పాత పలుపులుంటే ఇస్తావా, వాటికి అలవాటు గదా" అని అడిగాడట. మా వైపు గొడ్డును అమ్మితే దాని మెడలోని పలుపుతాడు మాత్రం ఇవ్వరు. కొన్నవాడే కొత్త తాడు తెచ్చుకుని, కట్టి తోలుకుపోవాలి. పాత పలుపు అమ్మినవాడి ఇంట్లోనే ఉండాలి. అదీ పోతే ఆ ఇంట్లో మళ్ళీ గొడ్డు నిలవదని నమ్మకం. ఆ రెండు పలుపులూ నాయన సంచిలోనే ఉన్నాయి. ఎక్కడికి పోయినా ఆయన వెంటే ఉంటాయి.

సరే, అవి ఇవ్వడు. మంచిది. కొత్త నూలుతాడు కొనచ్చు కదా? కొందామనే పోయాడట. శుక్రవారం నమాజు వేళ, తాళ్ళ దుకాణం సాయిబు మసీదుకు పోయాడు. గంట ఆగితే తెరిచేవాడు. "మెడ పుండు పడినంక గంట ఆగుతారా?" అన్నాడట మా నాయన. ఇంటికొచ్చి, నా గోడ ముందు మంచం వేసుకుని, నేను నెలరోజులు వేసిన ముళ్ళన్నీ ఒక్క పూటలో విప్పి, అక్కడే కూర్చుని రెండు పలుపులు పేనుకుని బస్సెక్కాడు.

"మీరు చూస్తా కూర్చున్నారా?" అని మా ఆయన మీద పడ్డాను.

"మామ పని చేసుకుంటాంటే అల్లుణ్ణి నేనేం చెప్పాల?" అన్నాడు. "బస్టాండు దాకా బండి మీద దించొచ్చినా గూడ." అది పుణ్యకార్యమైనట్టు చెప్పాడు.

సాయంత్రం ఆపా నలుగురు ఆడవాళ్ళతో వచ్చింది. అందరూ నిలబడి గోడ మీది కొమ్మను చూశారు. "గోడకు కట్టె కట్టినావేంది చెల్లీ, ఇది కొత్త ఫ్యాషనా?" అంది. అవునన్నాను. ఇంకేం చెప్పను?

నాయన మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. వచ్చేలోపు ఆయన ఫోన్‌కు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అందుకే భయమూ కోపమూ కలిసి నా నోరు ఆగలేదు. చెప్పులు విప్పకముందే అందుకున్నాను.

"సంచిలో రెండు పలుపులు పెట్టుకుని నా గోడ మీద పడినావు గదా నాయనా! నీకు నా గోడే దొరికిందా?"

"అవి ఇయ్యగూడదు గదమ్మా. ఇంట్లో గొడ్డు నిలవదు."

"ఏ ఇంట్లో? ఏ గొడ్డు? కొట్టం కప్పు కూలిపోయింది. నీ తుంటి నిన్నే మోయలేదు. ఇంకెక్కడి గొడ్డు నాయనా?"

ఆయన చెంబెడు నీళ్ళు తాగి, మంచం మీద కూర్చుని తుండుతో మొహం తుడుచుకున్నాడు. నేను అంత గట్టిగా అరిచినా నొచ్చుకున్నట్టు కనిపించలేదు.

"నీ తాడు మెత్తగుండాదమ్మా" అన్నాడు. "పసుపు పెట్టి కట్టినా. నాలుగు రోజుల్లో పుండు మానిపోతాది."

నా కోపం కాస్త తగ్గింది. "నిన్ను గుర్తుపట్టినాయా?" అని అడిగాను.

"ఎర్రది లేచి నిలబడింది. నా చెయ్యి నాకింది." తుండు మడిచి భుజాన వేసుకున్నాడు. "తెల్లది లేవలేదు. పిలిచినా. చూసింది, మళ్ళ మేత మేసుకుంటా కూర్చుంది. బాగా ఒళ్ళు చేసింది. వాళ్ళ కొట్టం మనదానికన్నా పెద్దది, గాలి బాగా వస్తాది. ఆ పిలగాడు మంచోడు, ఇంత దాణా పెడతాండాడు."

"మంచిదే గదా నాయనా."

"మంచిదే. ఆ పాత పలుపులు గూడ వాళ్ళకే ఇచ్చేసొచ్చినా." ఖాళీ గోడ వైపు చూశాడు. "ముందే ఆ బుద్ధి పుట్టుంటే నీ తాడు విప్పే పని ఉండేది కాదు. ఇంక నాకు ఊరికి పోయే పని లేదులేమ్మా. ఈడనే ఉంటా."

ఏడాదిగా ఆయన నోట నేను వినాలనుకున్న మాట అదే. దాని కోసమే ఆ తాళ్ళన్నీ కొన్నాను, ఆ ముళ్ళన్నీ వేశాను. తీరా విన్నాక నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సంచి ఆయన భుజాన వేసి, నేనే తీసుకుపోయి రాచర్ల బస్సు ఎక్కించాలనిపించింది.