నీళ్ళకి జబ్బు చేసిన రోజు

కోళ్ళ జబ్బులు పరీక్షించే ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఆ టెక్నీషియన్‌ని అందరూ పుల్లలక్క అంటారు. కోళ్ళ గొంతుల్లో తిప్పి తెచ్చిన దూదిపుల్లలన్నీ ఆవిడ చేతికే రావాలి మరి. విచిత్రమేమిటంటే ఆవిడకి కోడంటే చచ్చేంత భయం. కోడి కనబడితే కుర్చీ ఎక్కేస్తుంది. కోడి జబ్బు కనబడితే మాత్రం కుర్చీ దిగదు.

ఓ సోమవారం పొద్దున్నే ఫారం పెద్దాయన ఒకాయన పుల్లల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చచ్చిన రెండు కోళ్ళని సంచిలో వేసుకుని వచ్చాడు. సంచి చూడగానే పుల్లలక్క గుమ్మం అవతలికి గెంతింది. మూడువేల కోళ్ళలో రెండు రోజుల్లో నలభై పోయాయట. వైరస్ అని తేలితే మిగిలినవాటినీ చంపెయ్యాల్సిందే.

"కాస్త మంచిమాట చెప్పు తల్లీ."

"మాట నాది కాదు బాబాయ్, మెషిన్‌ది. అలా కూర్చోండి."

మధ్యాహ్నానికి మెషిన్ తెరమీద గీతలు ఒక్కొక్కటే పైకి లేచాయి. అంటే వైరస్ ఉన్నట్టే. ల్యాబు పెద్దసారు పైవాళ్ళకి ఆ కబురు చెప్పడానికి నీరసంగా ఫోనందుకున్నాడు. పుల్లలక్క చూపు మాత్రం చివరి గీత దగ్గర ఆగిపోయింది. అది కోడిది కాదు, పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో తెలియడానికి పెట్టే ఉత్త నీళ్ళది. అదీ లేచింది!

"సార్, ఫోను పెట్టెయ్యండి. నీళ్ళకి కూడా కోళ్ళ జబ్బు చేసింది!"

"ఏంటమ్మా నువ్వనేది?"

ఆవిడకి నవ్వాగలేదు. పరీక్షకి వాడే ఏ మందు సీసాలోనో పాత వైరస్ తుంపర పడి ఉంటుందని నవ్వుల మధ్యే చెప్పింది. బల్లంతా కడిగి, కొత్త మందులు తీసి, అన్నీ మొదటినుంచి చేసింది. మూడు గంటలు. ఈసారి సరిచూసుకోవడానికి కావాలని పెట్టిన వైరస్ గీత ఒక్కటే లేచింది. మిగతావన్నీ బుద్ధిగా పడుకున్నాయి. ఈలోగా కోళ్ళని కోసి చూసిన డాక్టరమ్మ వచ్చి, "ఎండదెబ్బ. షెడ్డులో గాలి ఆడలేదు" అంది.

పుల్లలక్క వరండాలోకి పరుగెత్తింది. "బాబాయ్, వైరస్ లేదు! షెడ్డులో గాలాడక ఎండదెబ్బట!"

పెద్దాయన ఎవర్ని పట్టుకోవాలో తెలియక ఆవిడ వెనకే వచ్చిన పెద్దసారునే వాటేసుకుని గిర్రున తిప్పేశాడు. ఎన్నడూ నవ్వని పెద్దసారు కళ్ళజోడు పట్టుకుని కిలకిలా నవ్వాడు. తర్వాత పెద్దాయన ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమే, జబ్బు కాదంట! ఫ్యాను ఆడక పోయాయంట!"

అవతలనుంచి భార్య గొంతు వరండా అంతా వినబడింది. "వారం నుంచీ ఆ ఫ్యాను బాగుచేయించమని మొత్తుకుంటున్నానా లేదా?"

"లేదా ఏంటి, మొత్తుకున్నావ్. తిట్టు, ఇంకా తిట్టు!" అంటూ ఆయన చిన్నపిల్లాడిలా గంతులేశాడు.