తాండూరు ఠాణా నకలు

మేనకోడలి పెళ్ళి కుదిరిన వారానికి మా అక్క తన ఊరు దోమ నుంచి బస్సెక్కి వికారాబాదు వచ్చింది. అప్పటికి నేను అక్కడి బడిలో ఉర్దూ, లెక్కలు చెబుతున్నాను. వచ్చీ రాగానే గడప మీదే కూర్చుంది. నా భార్య ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టి అడిగింది.

"తమ్మీ, నేను బొట్టు పెట్టుకోవాల్నా, తుడుసుకోవాల్నా? ఏదో ఒకటి తెలుసుకొని చెప్పు."

నేను చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"పందిట్ల ముత్తైదులు పట్టే ఐరేని కుండల కాడ నిలబడాల్నా, యెనక్కి జరగాల్నా అని కులపోల్లు అడుగుతున్నరు. పద్నాలుగేండ్ల సంది ఎవ్వలు అడగలే. గిప్పుడు పిల్ల పెండ్లంటే అడుగుతున్నరు. వాల్ల తప్పు లేదు. నాకే తెల్వదు, వాల్లకేం చెప్పాలె?"

మా బావ కనిపించకుండా పోయి అప్పటికి పద్నాలుగేళ్ళు. పోలీసు చర్య జరిగిన కొద్ది వారాలకు, దీపావళి ఇంకా రాకముందు, ఊళ్ళోని మరో ఇద్దరితో కలిసి పొట్టేళ్ళను తోలుకుని తాండూరు అంగడికి నడిచి వెళ్ళాడు. ఆ ఇద్దరూ తిరిగి వచ్చారు. అమ్మకం అయ్యాక జనంలో విడిపోయామని, ముందే బయల్దేరి ఉంటాడనుకున్నామని చెప్పారు. అంతకు మించి వాళ్ళకూ తెలియదు.

నేను చదువుకున్నానంటే అది బావ వల్లే. గొర్లు కాసే ఇంట్లో పుట్టినవాడికి ఉర్దూ చదువు దేనికని మా వాళ్ళంతా అంటుంటే, ఆయన నెలకోసారి జొన్నపిండి మూట నెత్తిన పెట్టుకుని దోమ నుంచి వికారాబాదుకు నడిచి వచ్చేవాడు. మూట దించి గోడకు ఆనుకుని, "జర సదువురా, ఇంట" అనేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని వినేవాడు. ఆయన కుడి మణికట్టు మీద తేలు పచ్చబొట్టు ఉండేది. పొడిపించుకునేటప్పుడు కితకితలకు నవ్వితే తేలు తోక వంకరపోయిందని అక్క ఎగతాళి చేసేది.

బావ రాకపోయేసరికి, ఏడాది పిల్లను చంకనేసుకుని అక్క బుధవారం నా దగ్గరికి వచ్చింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. "నీకు తుర్కమాట వస్తది. తాండూరు పోయి ఠాణాల అడుగు" అంది. మర్నాడు పొద్దున్నే రైలెక్కి తాండూరులో దిగాను. అంగడిలో ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. తర్వాత ఠాణాకు వెళ్ళాను.

ఆ రోజుల్లో ఠాణా అంటే పెద్దవాళ్ళే ఆ వీధి తప్పించుకుని పోయేవారు. ముందర మిలిటరీ బండి ఆగి ఉంది. అరుగు కింద నలుగురైదుగురు మనుషులు తలలు వంచుకుని నేల మీద కూర్చున్నారు. నేను రోడ్డుకు ఇవతలే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. పహరా జవాను నన్ను చూసి కేకేశాడు.

"క్యా హై?"

"కుచ్ నహీ" అన్నాను.

అని, వెనక్కి తిరిగి స్టేషనుకు నడిచాను. వచ్చిన మొదటి రైలెక్కి కూర్చున్నాను. సాయంత్రం అక్క నా గదిలో పిల్లను జోకొడుతూ ఎదురుచూస్తోంది. "అడిగిన అక్కా. గసుంటి మనిషి ఎవ్వడు రాలేదన్నరు" అని చెప్పాను. అక్క నమ్మింది. అందరూ నమ్మారు. ఒకసారి ఠాణాలో అడిగి వచ్చారు కాబట్టి మళ్ళీ ఎవరూ అటు పోలేదు. బొంబాయి మిల్లులకు పోయి ఉంటాడని కొందరు, గుల్బర్గా దిక్కున ఎవరో చూశారని కొందరు అనేవారు. అక్క పుస్తె తీయలేదు, మట్టెలు తీయలేదు.

అందుకే ఆ రోజు గడప మీద కూర్చుని ఆమె అడిగినప్పుడు కాదనలేకపోయాను.

వికారాబాదు పోలీసు కచేరికి వెళ్ళాను. తప్పిపోయిన చోటు తాండూరు కాబట్టి అక్కడి ఠాణాకే దరఖాస్తు పెట్టుకోమన్నారు. స్టాంపు అంటించి, బావ వయసు, ఎత్తు, గొంగడి, పచ్చబొట్టు, నాకు ఆయన ఏమవుతాడో అన్నీ రాశాను. ఆ నెలల నాటి రికార్డులో అలాంటి మనిషి గురించి ఏమైనా ఉంటే నకలు ఇప్పించమని కోరాను. కొన్నాళ్ళకు కార్డు వచ్చింది. పాత రిజిస్టర్లు ఉర్దూలో ఉన్నాయి, చదివేవారు ప్రస్తుతం లేరు, దరఖాస్తుదారు స్వయంగా రావలెను.

ఈసారి అరుగెక్కి లోపలికి వెళ్ళాను. రాతకోతలు చూసే జవాను కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, చిన్న వయసు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బీరువా పైనుంచి గుడ్డలో కట్టిన రిజిస్టర్లు దింపి, తన రుమాలుతోనే దుమ్ము దులిపాడు.

"నాకు అలిఫ్ అంటే ఏదో కూడా తెలీదు మాస్టారూ. మీరే చదివి తెలుగులో చెప్పండి, నేను నకలు రాస్తాను. పెద్దాయన సంతకం నేను పెట్టిస్తాను" అన్నాడు.

అవి ఠాణా రోజువారీ పుస్తకాలు. ఏ రోజు ఏం జరిగిందీ వరసగా రాసి ఉంది. ఎవరు రాశారో గానీ దస్తూరి ముత్యాల్లా ఉంది. ఎద్దు తప్పిపోయింది, గడ్డివాము కాలింది, ఇద్దరన్నదమ్ములు గట్టు దగ్గర కొట్టుకున్నారు. పేజీ తర్వాత పేజీ తిప్పాను. బావ తప్పిపోయిన వారంలో సోమవారం దగ్గర నా వేలు ఆగిపోయింది.

రైలుకట్ట పక్కన ఇరవై అయిదేళ్ళ మనిషి, తలకు దెబ్బ, కాలు నుజ్జయింది. నల్ల గొంగడి. కుడి మణికట్టు మీద తేలు పచ్చబొట్టు, తోక వంకరగా ఉన్నది. పేరు, ఊరు చెప్పలేకున్నాడు. దవాఖానలో చేర్పించడమైనది.

జవాను కలం ఎత్తి నా వైపు చూశాడు. "కానివ్వండి మాస్టారూ" అన్నాడు మెల్లగా.

మంగళవారం: స్పృహ వచ్చి పోతున్నది. బుధవారం: ‘బిడ్డ’ అన్న మాట తప్ప వేరే మాట లేదు. ఆ కింద, జుమేరాత్, అంటే గురువారం: మనిషి బతికి ఉన్నాడు. ఎవరైనా ఠాణాకు వచ్చి అడిగినచో వెంటనే దవాఖానకు తీసుకుపోవలెనని పహరా జవానుకు చెప్పడమైనది. ఎవరూ రాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున ప్రాణం పోయింది. సాయంత్రం దాకా చూసి, దవాఖాన వెనక జాగాలో పూడ్చిపెట్టారు.

గురువారం పంక్తి నేను పైకి చదవలేకపోయాను. రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాను. జవాను లేచి మంచినీళ్ళు తెచ్చాడు. "రేపు రాసుకుందామా?" అన్నాడు. వద్దని, ఒక్కొక్క మాటా చెప్పి రాయించాను.

నకలు జేబులో పెట్టుకుని దోమ వెళ్ళాను. అక్క అరుగు మీద పెళ్ళికి పసుపుకొమ్ములు ఏరుతోంది. పిల్ల లోపల ఏదో పని చేసుకుంటోంది. నా ముఖం చూసి అక్క చేట పక్కకు జరిపింది.

"లేడా?"

"లేడక్కా."

ఆమె ఏడవలేదు. "కాయితంల ఏమున్నదో సదువు, ఇంట" అంది.

చదివాను. సోమవారం చదివాను. మంగళవారం, బుధవారం చదివాను. ‘బిడ్డ’ అన్న మాట దగ్గర లోపల పని చప్పుడు ఆగిపోయింది. తర్వాత శుక్రవారం చదివి కాగితం మడిచాను.

అక్కకు అక్షరం రాదు. కాసేపు కొంగు అంచును వేళ్ళతో నలుపుతూ కూర్చుని అడిగింది.

"సోమారం జెప్పినవ్, మంగళారం జెప్పినవ్, బుధారం జెప్పినవ్. బేస్తారం ఏం రాసిండ్రు?"

కాగితం మళ్ళీ విప్పి చదివాను. ఎవరూ రాలేదు అన్నదాకా చదివాను.

"బేస్తారమే గదా నువ్వు పోయింది?"

"ఆఁ."

"అడిగిన అన్నవ్."

"అడగలేదక్కా. ఠాణా ముంగటిదాంక పోయిన. జవాను ఏందని అడిగిండు. ఏం లేదని చెప్పి మర్లి వచ్చిన. మిలిటరీని జూసి బుగులైంది."

అక్క నన్ను చూడలేదు. వీధిలో ఎవరిదో బండి పోతుంటే, అది మలుపు తిరిగేదాకా దానినే చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

"పదిహేడేండ్ల పోరనివి" అంది చివరికి. "నేను గూడ నీ ఎంబడి రావాల్సుండె. పిల్లకు జ్వరముండెనని ఆగిన."

అంతే. లేచి లోపలికి పోయి, గూట్లోని అద్దం ముందు నిలబడి బొట్టు తుడుచుకుంది. నా మేనకోడలు తలుపు పట్టుకుని నా వైపు చూసింది. పదిహేనేళ్ళ పిల్ల. తండ్రి ముఖం ఎరగదు. ఆ చూపులో కోపం కూడా లేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నట్టుంది.

ఆ ఆదివారం అక్కను తాండూరు తీసుకుపోయాను. దవాఖాన వెనక జాగాలో సగం తంగేడు పొదలు, సగంలో బండలు పేర్చి ఉన్నాయి. ఏ చోటన్నది చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు. అక్క పొదల మధ్య అటూ ఇటూ తిరిగి ఒకచోట కూర్చుని నేల మీద అరచేయి పెట్టింది.

"తలకాయ ఏ దిక్కు పెట్టిండ్రో రాసిండ్రా?"

"లేదక్కా."

తలవైపు ఏదో, కాళ్ళవైపు ఏదో తెలియక, తెచ్చిన పాలు నాలుగు దిక్కులా కొంచెం కొంచెంగా పోసింది.

పెళ్ళి బాగానే జరిగింది. ఐరేని కుండలు ఆడబిడ్డకు అప్పగించి అక్క వెనక వరసలో నిలబడింది. మేనమామగా నేను చేయాల్సినవన్నీ చేశాను, ఆమె అడ్డు చెప్పలేదు. నాతో మాటలూ మానలేదు. పండక్కి నేను దోమ పోతే నాకిష్టమని జొన్నరొట్టె, పుంటికూర చేసి పెట్టేది. నా పిల్లలను ఒళ్ళో పడుకోబెట్టుకునేది. బయటివాళ్ళెవరికీ ఏ తేడా కనిపించదు.

కానీ ఆ తర్వాత అక్క నన్ను ఒక్క పనీ అడగలేదు. అంతకుముందు తహసీలు కచేరికి పోవాలన్నా, చుట్టాలకు ఉత్తరం రాయించాలన్నా, చివరికి సూదీ దారం కావాలన్నా తమ్ముడికే చెప్పేది. ఇప్పుడు పొలం కాగితాలకు పక్కింటాయన్ను పంపింది. ఆమె కంటిచూపు మందగించినప్పుడు, దవాఖానకు నేను తీసుకుపోతానని వారం రోజులు అక్క దగ్గరే ఉండి బతిమాలాను. "నీకెందుకు తమ్మీ పరేషాన్" అంది ప్రేమగానే. మర్నాడు పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. కళ్ళు చూపించుకోవడానికి అల్లుడిని పిలిపించుకుని పరిగి బస్సుకు వెళ్ళిపోయింది.