మునసబుగారి తలకి కొసరు

ఆ రోజుల్లో మా డెల్టాలో నాలుగు లెక్కలొచ్చిన కుర్రవాడికి తెరిచి ఉండే తలుపులు మూడే. కరణంగారి పక్కన కూర్చోవడం, కాలవ లాకుల దగ్గర వచ్చేపోయే పడవల్ని రాసుకోవడం, వీధిబడిలో పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించడం. (కళ్ళంలో ధాన్యం కొలవడం నాలుగోది. నేను రెండేళ్ళు చేసింది అదే గాని, మా మావయ్య దాన్ని ఉద్యోగం కింద లెక్కపెట్టేవాడు కాదు.) ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మకం కుదరదు గాని, ఇరవై రెండేళ్ళ వయసులో నాకు ఐదో తలుపు ఒకటి తెరుచుకుంది. మనిషి ఏ జంతువు నుంచి బయలుదేరి, ఎన్ని మెట్లెక్కి ఈ రూపానికొచ్చాడో వెతికే విద్య అది. పదమూడు రోజుల్లో ఆ తలుపు నేనే చేరేసుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

ఒక దొరగారు రాజమండ్రి వచ్చి గోదావరి గట్టున బంగళాలో దిగారు. తలకాయలు కొలవడం, పాత ఎముకలు పోల్చడం, రాతి పనిముట్లు గుర్తుపట్టడం నేర్పడానికి ఒక యువకుణ్ణి ఏడాది పాటు చెన్నపట్నం తీసుకెళతారని కబురు. పరీక్ష ప్యాసైన కాగితం అక్కర్లేదు, దశాంశాలు వస్తే చాలు అన్నారు. నేను ఏ పరీక్షా ప్యాసవలేదు. అట్ట గాని, మొదటి పదకొండు పేజీలు గాని లేని ఒక లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని దశాంశాలు సొంతంగా నేర్చుకున్నాను. (ఆ పదకొండు పేజీల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.) కాగితం అడగని తలుపు నా జన్మలో ఇంకొకటి రాదని నాకు బాగా తెలుసు.

ఇంట్లో చెబితే మావయ్య మొహం ముడుచుకున్నాడు. "లాకు గుమాస్తా పని నీకోసం పున్నమిదాకా అట్టేపెట్టమన్నాను. అటుపైన నన్నడక్కు" అన్నాడు. మా అమ్మ మాత్రం నింపాదిగా కూర తరుగుతూ, "మనుషులు కోతుల్లోంచి వచ్చారని తెలుసుకోడానికి చెన్నపట్నం దాకా ఎందుకురా? మీ నాన్నగారూ, అన్నదమ్ములూ మామిడితోట పంచుకున్న రోజునే నాకు తెలిసిపోయింది" అంది.

రాజమండ్రిలో చివరికి ఇద్దరం మిగిలాం. రెండోవాడు కాకినాడ నుంచి వచ్చిన మెట్రిక్యులేషను కుర్రవాడు. ఇంట్లో కూడా గొడుగు చంకలోంచి తీసేవాడు కాదు గనక గొడుగాయన అని పేరు పెట్టుకున్నాను. దొరగారు మాకు ఒక్కొక్క ఇత్తడి సాధనం ఇచ్చారు. రెండు వంకర కొమ్మలతో అచ్చం పీతలా ఉండేది. కనుబొమల మధ్య ఒక కొమ్మ, తల వెనక ఒక కొమ్మ ఆనించి చూస్తే తల పొడుగు సెంటీమీటర్లలో వస్తుంది. దొరగారిది మున్షీ దగ్గర నేర్చుకున్న పుస్తకాల తెలుగు. "మీమీ గ్రామములకు పొండు. నలుబది శిరస్సులు కొలిచి పదియవ దినమున రండు. ఎవని పుస్తకము బాగుండునో వాడు నాతో వచ్చును" అన్నారు. నేను పీతని పంచె కొంగులో చుట్టుకుని, పడవెక్కి, తణుకు దగ్గరి మా ఊరు చేరాను.

కోతల కాలం. ఊరంతా కళ్ళంలోనే ఉంది. అక్కడే నులక మంచం వేసి మొదట మునసబుగారిని కూర్చోబెట్టాను. ఇక్కడే నా మొదటి తప్పు. ధాన్యం కొలిచేవాడు ప్రతి కుంచాన్నీ గొంతెత్తి చెప్పాలి, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ వినాలి గదా. రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. మునసబుగారి తలకి పీత పట్టించి, కళ్ళం నాలుగు మూలలకీ వినబడేలా "పద్దెనిమిదీ రెండు దశాంశాలూ" అని పాడేశాను. ఆయన సంతోషంగా తలాడించారు. తరవాత మా కాలవ మీద పడవ నడిపే సరంగు కూర్చున్నాడు. చేపలు పట్టే ఇంటివాడు, నన్ను రాజమండ్రి తీసుకెళ్ళి తీసుకొచ్చినవాడు. "పందొమ్మిదీ ఆరు" అని అంతే గట్టిగా పాడాను.

కళ్ళంలో నూర్పిడి ఆగింది. ఎద్దులు కూడా ఆగాయని నా జ్ఞాపకం. (అంత కచ్చితంగా చెప్పలేను.)

"ఏంటబ్బాయ్, మళ్ళీ చెప్పు" అన్నారు మునసబుగారు.

"ఆయన పీతెక్కడో జారుంటదండి" అన్నాడు సరంగు, లేచి దూరంగా నిలబడి.

"జారలేదు. నా సిగ వదిలేసి కొలిచాడు. సిగ నా తలది కాదంట్రా?"

"సిగ కలిపితే దొరగారు ఒప్పుకోరండి" అన్నాను.

"పోనీ, కళ్ళంలో కుంచానికి కొసరు వేస్తావా, వెయ్యవా?"

"వేస్తానండి."

"గుప్పెడు గింజలకి కొసరుంది గాని, నూట ఇరవై ఎకరాలవాడి తలకాయకి లేదన్నమాట."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఎదిరించేవాణ్ణేమో. నా వెనక ముప్ఫై ఎనిమిది తలకాయలు వరసలో ఉన్నాయి, ఆయన లేచి వెళితే ఒక్కటీ మిగలదు. కొసరు వేస్తానని ఒప్పుకున్నాను. కాని లెక్కల మనిషిని గదా, ఇష్టమొచ్చినట్టు వేస్తే అన్యాయమని ఒక పద్ధతి ఏర్పరిచాను: అయిదెకరాలకి ఒక దశాంశం. మునసబుగారికి ఇరవై నాలుగు దశాంశాలు కలిసి ఇరవైమీద ఆరు దశాంశాలు అయింది. ముప్ఫై ఎకరాలవాడికి ఆరు దశాంశాలు. ఎకరంన్నర ఉన్న ఒక ముసలాయన "నాకూ పిసరు పడెయ్యి నాయనా, మా వియ్యంకుడు చూస్తన్నాడు" అంటే అర దశాంశం కలిపాను. (అర దశాంశం ఆ పీత మీద కనపడదు. అయినా ఆయన తృప్తి కనపడింది.)

ఇక చేపలు పట్టేవాళ్ళ వంతు వచ్చింది. వాళ్ళది సరిగ్గా ఎదురు బాధ. "పెద్ద తలకాయలకి దొరలు పెద్ద పన్నేస్తారేమో బాబూ. మాది కాస్త కోసేసి రాసుకోండి" అని సరంగు నా చెవిలో అన్నాడు. కలపమన్నవాళ్ళకి కలిపి, తియ్యమన్నవాళ్ళకి తియ్యకపోవడం నాకు పక్షపాతంగా తోచింది. వాళ్ళందరికీ తలా రెండు తగ్గించాను. సరంగు పదిహేడూ ఆరు అయ్యాడు.

పదో రోజున రాజమండ్రిలో దొరగారు ముందు గొడుగాయన పుస్తకం చూశారు. అంకెలు చిందరవందరగా, పైకీ కిందికీ గెంతుతున్నాయి. దొరగారు పెదవి విరిచారు. తరవాత నాది తెరిచారు. కాగితం మీద చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోతే గీత ఒక్క వంకర లేకుండా నిచ్చెనలా ఎక్కింది. కింద చేపలవాళ్ళు, ఆపైన చిన్న రైతులు, కొసన మునసబుగారు. దొరగారు లేచి నిలబడ్డారు. "ఇరువది సంవత్సరములుగా దీనినే వెదకుచున్నాను. మానవుడు ఎక్కిన మెట్లు ఈ ఒక్క గ్రామమున నిలిచియున్నవి. నీవు నాతో వచ్చుచున్నావు. ఇది నేడే సీమకు వ్రాసెదను" అన్నారు.

చెన్నపట్నం, ఏడాది చదువు, అన్నీ నావే. కిటికీలోంచి చూస్తే రేవులో సరంగు పడవకి తాడు కట్టుకుంటున్నాడు. నా సొంత చేతులతో పందొమ్మిదీ ఆరు కొలిచిన తల అది. ఆ పూటే టపాలో ఓడెక్కి సీమకి వెళ్ళి, మనిషి ఎక్కిన నిచ్చెనలో అట్టడుగు మెట్టుగా అచ్చవబోతోంది, అదీ ఎవరో పన్ను వేస్తారన్న భయానికి. దొరగారు కలం సిరాలో ముంచారు.

"ఒక్క మనవండి. అందులో కొసరుంది" అన్నాను.

"కొసరు అనగా నేమి?"

చెప్పాను. కుంచం గురించి, నూట ఇరవై ఎకరాల గురించి, పన్ను భయం గురించి, అయిదెకరాలకి ఒక దశాంశం చొప్పున కలపడం గురించి. దొరగారు కలం కింద పెట్టారు. తిడతారనుకున్నాను. "నీ పద్ధతి తప్పు, దశాంశములు మాత్రము ఒప్పు" అన్నారు. కొసరు తీసేసి దిద్దిన అంకెలు చెల్లవని, మూడు రోజులు గడువిచ్చి, నోరు మూసుకుని మళ్ళీ కొలుచుకు రమ్మన్నారు.

పరుగున ఊరికి వెళ్ళాను. మునసబుగారు తల ముట్టుకోనివ్వలేదు. అప్పటికే ఆ అంకెలు చావడి గోడమీద సున్నంతో రాయించేశారు. ఒక పెళ్ళిలో వాటి ప్రకారమే పీటలు కూడా వేశారట. "ఇప్పుడు తగ్గిస్తే మా అమ్మాయి అత్తారి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? నువ్వు చెన్నపట్నం వెళ్ళకపోతే కొంపలేం మునగవు" అన్నారు. ఆయన కాదన్నాక ఇంకెవరు కూర్చుంటారు. పదమూడో రోజున ఖాళీ పుస్తకంతో రాజమండ్రి వెళ్ళి పీతని అప్పగించేశాను. గొడుగాయన పెట్టె సర్దుకుంటున్నాడు. పాపం, మంచివాడే, నన్ను చూసి సిగ్గుపడి గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

నేను నమస్కారం పెట్టి కదలబోతుంటే దొరగారు "కూర్చుండుము" అన్నారు. ఆ పీతనే తీసుకుని నా తలకి పట్టించి, మెల్లిగా చూసి, తన పెద్ద పుస్తకంలో ఏదో అంకె వేసుకున్నారు. పైకి చెప్పలేదు. నాకు అడగాలని తోచలేదు.

తిరుగు ప్రయాణంలో సరంగు గడవేస్తున్నాడు. ధవళేశ్వరం దాటాక, "ఇంతకీ, నిజంగా నాదేనా అండీ పెద్దది?" అన్నాడు.

"నలభై మందిలోనూ నీదే."

"ఆయ్. మీకు దణ్ణం పెడతాను, ఆ మాట మా ఇంటిదాని చెవిన పడనీకండి. అంత బుర్రెట్టుకుని నాకు తెచ్చిపెట్టింది ఈ చేపలేనా అంటది" అన్నాడు.

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. పున్నమికి ఇంకా రెండు రోజులుంది, లాకు పని నాకే దొరికింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. లాకు తలుపుకి ఎన్ని పలకలో, ఎన్ని మేకులో, ఏ నెలలో ఎన్ని పడవలు పోతాయో నన్నడిగితే నిద్రలో కూడా చెబుతాను. నా తల పొడుగు మాత్రం తెలియదు. నేను వెళ్ళలేకపోయిన చెన్నపట్నంలో అది ఏ బీరువాలోనో, ఎవరి ఎముకల పక్కనో, ఒక అంకె వేషంలో ఈపాటికి పాతికేళ్ళుగా చదువుకుంటూ ఉంటుంది. ఈ వయసులో దాన్ని తలుచుకుంటే నాకు కాస్త అసూయగానే ఉంటుంది.